నీళ్ళ పేజీ, డబ్బు పేజీ

థెరపీ అంటే సోఫాలో కూర్చోబెట్టి చిన్నప్పటి సంగతులు అడుగుతారని, ఏడిపించి పంపిస్తారని అనుకుంటూ వెళ్ళాను. మా మేడమ్ నాతో మొదట చేయించింది లెక్కలు రాయించడం. లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొనుక్కోమన్నారు (కొనేదేముంది, నా షాపులోనే అమ్ముతాను). ఎడమ పేజీ మీద "నీళ్ళు" అని, కుడి పేజీ మీద "డబ్బు" అని రాయమన్నారు. రోజులో గుండె దడ వచ్చినా, ఎవరి మీదైనా అరిచినా, అర్ధరాత్రి మెలకువ వచ్చినా, అది దేనివల్ల వచ్చిందో చూసుకుని ఆ పేజీలో వేయాలి. తేల్చుకోలేకపోతే రెండు పేజీల మధ్య మడత దగ్గర రాయాలి. మొదట్లో నేను రాసినవన్నీ ఆ మడతలోనే ఉన్నాయి.

విజయవాడ సింగ్ నగర్‌లో నాది డీటీపీ, జిరాక్స్ షాపు. శుభలేఖలు, విజిటింగ్ కార్డులు, పెద్దకర్మ కార్డులు, స్కూలు పిల్లల ప్రాజెక్టులు. అనూ ఫాంట్లలో తెలుగు కొట్టీ కొట్టీ అక్షరం వంక చూస్తే సైజు ఎంతో చెప్పగలను. కింద షాపు, వెనక గోడౌను, పైన ఇల్లు. 2024 సెప్టెంబరు 1, ఆదివారం, బుడమేరు వాగుకి గండ్లు పడి ఆ నీళ్ళు మా పేటలోకి వచ్చాయి. అంతకుముందు రోజంతా వాన. పొద్దున కాఫీ వేళకి వీధిలో చీలమండ లోతు ఉన్నాయి, చూస్తుండగానే షట్టరు సగానికి వచ్చాయి. తర్వాత మా మెట్ల మీదకి ఒక్కొక్క మెట్టే ఎక్కాయి. కింద గోడౌనులో కార్తీకం, మార్గశిరం పెళ్ళిళ్ళకని ముందే తెప్పించిన కార్డుల స్టాకు, పేపరు బండిళ్ళు, రెండు జిరాక్స్ మిషన్లు ఉన్నాయి. కాగితం నీళ్ళు తాగితే ఉబ్బుతుందని తెలుసు గానీ ఇనప ర్యాకుల బోల్టులు ఊడేంత ఉబ్బుతుందని అప్పుడే తెలిసింది. రాత్రి చీకట్లో ఆ ర్యాకులు విరుగుతున్న చప్పుడు పైనుంచి విన్నాం.

కరెంటు లేదు, తాగేందుకు నీళ్ళు లేవు. ఫ్లై ఓవర్ దగ్గరి నుంచి పడవలు తిరిగాయి, డ్రోన్లతో పులిహోర పొట్లాలు పంపారు, ఇవన్నీ మీరు టీవీలో చూసే ఉంటారు. గండ్లు పూడ్చడం వినాయక చవితి నాటికి పూర్తయింది. మా వీధిలో నీళ్ళు ఆ తర్వాత కూడా కదలలేదు.

రెండో రోజు పొద్దున మా బాల్కనీలోంచి నేను చూసింది ఇక్కడ రాయను. మా అమ్మాయి కళ్ళు మూశాను, నావి మూసుకోలేదు. అంతవరకే.

నీళ్ళు పోయాక నేను బాగానే ఉన్నాను. ఫైరింజన్లు వచ్చి బురద కడిగాయి. ప్రభుత్వం కింది అంతస్తు ఇళ్ళకి 25 వేలు, పై అంతస్తులకి 10 వేలు ఇచ్చింది. షాపుకి ఇన్సూరెన్స్ లేదు. మా ఆవిడ నగలు కొన్ని తాకట్టు పెట్టి, మిగతాది నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి, పాత మిషన్ ఒకటి కొని షట్టర్ లేపాను. "నీది గట్టి గుండె" అని అందరూ అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. తేడా తెలిసింది నెలలు గడిచాక.

మేడ మీద ట్యాంకు నిండి పొర్లితే ఆ చప్పుడుకి మంచం మీంచి లేచి మెట్ల దగ్గరికి పరిగెత్తేవాణ్ణి, ఎన్నో మెట్టు దాకా వచ్చాయో చూడ్డానికి. మెట్లు పొడిగా ఉండేవి. పొడిగా ఉన్నాయని కళ్ళకి కనపడుతున్నా కిందిదాకా దిగి చేత్తో తడిమి చూస్తే గానీ మళ్ళీ పడుకోలేను. మంచం పక్కన పిల్ల సర్టిఫికెట్లు, ఇంటి దస్తావేజులు పెట్టిన ప్లాస్టిక్ సంచి ఎప్పుడూ ఉండాలి. వానాకాలం వస్తే ప్రకాశం బ్యారేజీ ఇన్‌ఫ్లో ఎంతుందో ఫోన్లో గంటగంటకీ చూసుకోవడం. ఆ సెప్టెంబరులో అది 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నాకు 2 లక్షలు అని చదివినా చెమటలు పట్టేవి. మమ్మల్ని ముంచింది బుడమేరు, కృష్ణ కాదు. ఆ సంగతి నాకు తెలుసు, నా ఒంటికి తెలియలేదు.

కాగితాల షాపువాడికి తడిసిన కాగితం వాసన పడకపోతే ఎలా బతకడం? ఒకావిడ తడి గొడుగు తెచ్చి బాండ్ పేపరు కట్ట మీద పెట్టింది. ఆవిడ మీద నేను అరిచిన అరుపుకి పక్క టిఫిన్ సెంటర్లోంచి మనుషులు వచ్చారు. ఛాతీ పట్టేస్తోందని గుండె డాక్టరు దగ్గరికెళితే ఈసీజీ తీశారు, టూడీ ఎకో చేశారు, అంతా నార్మల్ అన్నారు. "టెన్షన్ తగ్గించుకోండి" అని చెప్పి గ్యాస్ మాత్రలు రాశారు. టెన్షన్ ఎలా తగ్గించుకోవాలో చీటీలో లేదు. నిద్రమాత్రలు మాత్రం మెడికల్ షాపులో తెలిసినవాడి దగ్గర తెచ్చుకునేవాణ్ణి. మా అమ్మ గుణదల దగ్గర ఎవరితోనో చెప్పి తాయెత్తు కట్టించింది. అది ఇప్పటికీ ఉంది, తీయలేదు, తీయమని ఏ డాక్టరూ అనలేదు.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. ఆ రోజు ఫోన్లన్నీ హెచ్చరికలతో మోగుతూనే ఉన్నాయి. అర్ధరాత్రి ఇంట్లో అందరినీ లేపి, సంచులు చేతికిచ్చి, మేడ మెట్ల మీద కూర్చోబెట్టాను. మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. కాసేపు ఓపిక పట్టి, "నాన్నా, ఇది మామూలు వానే. నువ్వు లోపలికెళ్ళి పడుకో, నేను మెలకువగా ఉండి చూస్తాలే" అంది. పిల్ల నాకు కాపలా కాస్తానంది. ఆ మాటకి సిగ్గేసింది, భయం మాత్రం తగ్గలేదు.

ఆ రాత్రే 14416కి ఫోన్ చేశాను. అది టెలి మానస్. మనసు బాగోనివాళ్ళ కోసం కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో పెట్టిన ఉచిత నంబరు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరున్న పాంప్లెట్ ఎప్పుడో ఎవరికో నేనే జిరాక్స్ తీసిచ్చాను. అటువైపు అమ్మాయి నా పేరు, ఊరు అడిగి, కాసేపు మాట్లాడనిచ్చి, "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా అండీ?" అని సూటిగా అడిగింది. ఉలిక్కిపడ్డాను. లేదన్నాను. తర్వాత తెలిసింది, అలా అడగడం వాళ్ళ పద్ధతే. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదట, ఉన్నవాడికి చెప్పుకునే దారి దొరుకుతుందట. ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీ ఉంటుందని, అక్కడికైనా, బయట ఎవరి దగ్గరికైనా సరే, ముందు ఒక సైకియాట్రిస్టుకి చూపించుకోమని చెప్పింది.

నేను సూర్యారావుపేటలో ఒక ప్రైవేటు క్లినిక్‌కి వెళ్ళాను. విజయవాడలో డాక్టర్లంతా ఉండేది అక్కడే కాబట్టి, ఎవరైనా చూసినా పంటి డాక్టరు దగ్గరికనో చెవి డాక్టరు దగ్గరికనో చెప్పుకోవచ్చని. వెయిటింగ్ హాల్లో నేను శుభలేఖలు కొట్టిచ్చిన పెళ్ళికొడుకు తండ్రి కూర్చుని ఉన్నాడు. ఇద్దరం ఒకేసారి ఫోన్లలోకి చూసుకున్నాం. తర్వాత ఆయన షాపుకి వచ్చాడు, ఏదో కాపీ తీయించుకున్నాడు, దాని గురించి ఇద్దరం నోరెత్తలేదు. కానీ ఆయన చిల్లర తీసుకోకుండా వెళ్ళాడు, నేనూ పిలవలేదు.

డాక్టరు గారు మాత్రలు రాశారు. నిద్రమాత్రలు ఒక్కసారిగా మానకుండా కొంచెం కొంచెం తగ్గించుకుంటూ ఆపమన్నారు, అవి అలవాటైపోయే రకమట. కొత్త మాత్ర వెంటనే పనిచేయదని, రెండు మూడు వారాలు ఓపిక పట్టమని, మొదట్లో కడుపులో తిప్పినట్టుంటే భయపడి ఆపొద్దని చెప్పారు. తిప్పింది, ఆపలేదు. "మాత్రలతో నిద్ర, దడ దారికొస్తాయి. ఆ రోజు సంగతి మాత్రం పైన మేడమ్‌తో కూర్చుని తేల్చుకోవాలి" అన్నారు. పై అంతస్తులో క్లినికల్ సైకాలజిస్టు ఉన్నారు. ఆవిడ మందులు రాయరు, ఈయన గంటసేపు వినరు, ఇద్దరి పనీ వేరు. ఆవిడ గోడ మీద రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఫ్రేము కట్టి ఉంది. ముందు అది చూశాను. విజిటింగ్ కార్డులు కొట్టేవాణ్ణి కదా, వారాంతం కోర్సు చేసొచ్చి పేరు పక్కన ఏదో ఒకటి వేయమనేవాళ్ళని చాలామందిని చూశాను. కౌన్సెలర్ అని ఎవరెవరో బోర్డు పెట్టుకుంటున్నారు, క్లినికల్ సైకాలజిస్టు అనాలంటే మాత్రం ఆ రిజిస్ట్రేషన్ ఉండాలి.

మొదటి రోజు ఒక ఫారం ఇచ్చారు. ఇరవై ప్రశ్నలు. గడిచిన నెలలో ఫలానా బాధ ఎంత ఉంది, అసలు లేదంటే సున్నా, విపరీతంగా ఉంటే నాలుగు. వద్దనుకున్నా గుర్తొస్తోందా, ఆ చోట్లకి, ఆ మాటలకి దూరంగా తప్పించుకు తిరుగుతున్నారా, మనుషులు దూరమైనట్టు ఉందా, చిన్న చప్పుడుకే అదిరిపడుతున్నారా. నా గురించి నాకు తెలియకుండా ఎవరో రాసినట్టుంది. కానీ ఆ ఫారం జిరాక్స్‌కి జిరాక్స్, దానికి మళ్ళీ జిరాక్స్. ఒత్తులు మాయమై, పదమూడో ప్రశ్న సగం నల్లమచ్చ. పెన్ను పట్టుకుని ఆలోచిస్తుంటే, "కష్టంగా ఉందా అండీ?" అన్నారు మేడమ్. "కాదండీ, ఇది నేను మళ్ళీ టైపు చేసిస్తాను" అన్నాను. ఆవిడ నవ్వారు. అన్నట్టే చేసిచ్చాను కూడా. ఇప్పుడు అక్కడికెళ్ళేవాళ్ళు నింపే ఫారం నాదే, పద్నాలుగు పాయింట్లలో.

ఆవిడ నాకంటే బాగా చిన్నవారు. మొదట్లో అది ఇబ్బందిగా ఉండేది, ఈ అమ్మాయికి నేనేం చెబుతాను అనుకునేవాణ్ణి. వరద రెండో రోజు నేను చూసిన సంగతి ఇప్పుడే చెప్పక్కర్లేదని, చెప్పగలిగే స్థితికి వచ్చాకే ఆ మాట ఎత్తుదామని ఆవిడే అన్నాక ఊపిరి పీల్చుకున్నాను. జబ్బు ఏమిటో కూడా విడమరిచి చెప్పారు. వరద చూసిన అందరికీ ఇది రాదు, చాలామంది కొన్ని నెలల్లో వాళ్ళంతట వాళ్ళే తేరుకుంటారు. కొందరిలో ఆ జ్ఞాపకం గడిచిపోయిన సంగతిగా స్థిరపడదు, గుర్తొచ్చిన ప్రతిసారీ ఇప్పుడే జరుగుతున్నట్టు ఒళ్ళు స్పందిస్తుంది. ఆ బాధ పడలేక మనం తప్పించుకు తిరుగుతాం, తిరిగేకొద్దీ అది ఇంకా ముదురుతుంది. పీటీఎస్‌డీ (పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్) అంటారు దీన్ని.

"మీ ఇంట్లో ఇంకెవరైనా ఇలా?" అని అడిగారు. లేదన్నాను. ఇంటికొచ్చాక రాత్రి అన్నం తింటుంటే అమ్మమ్మ గుర్తొచ్చింది. అమ్మమ్మది నాగాయలంక దగ్గర పల్లె. 1977 నవంబరు 19న వచ్చిన దివిసీమ ఉప్పెనలో బతికి బయటపడిన మనిషి. ఆ ఉప్పెనలో వేలమంది పోయారు, మా వాళ్ళలోనూ పోయారు. ఏటా నవంబరు వచ్చేసరికి అమ్మమ్మ అటుకుల మూట, అగ్గిపెట్టె గుడ్డలో చుట్టి దూలానికి కట్టేది. తూర్పుగాలి తిరిగితే పడుకునేది కాదు, గుమ్మంలో కూర్చుని ఉండేది. మేం పిల్లలం నవ్వేవాళ్ళం, పెద్దవాళ్ళు చాదస్తం అనేవాళ్ళు. ఎవరు పోయారో, ఎలా పోయారో ఆవిడ నోట ఒక్కనాడూ వినలేదు. ఈ సంగతి చెబితే మేడమ్ రాసుకున్నారు. అమెరికా మానసిక వైద్యుల పుస్తకంలో పీటీఎస్‌డీ అన్న పేరు ఎక్కింది 1980లోనట, వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల్ని చూశాక. అంటే అమ్మమ్మ అటుకులు మొదటిసారి కట్టేనాటికి పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళినా ఆ పేరు చెప్పేవాళ్ళు లేరు. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది.

ఇక నోట్‌బుక్ సంగతి. మడతలో రాసినవాటిని ఒక్కోటీ తీసి, "ఆ క్షణానికి ముందు ఏం జరిగింది? ఏం విన్నారు, ఏం వాసన వచ్చింది, ఏ తారీఖు?" అని అడిగేవారు. గొడుగు ఆవిడ మీద అరవడం డబ్బుకి సంబంధించిందని నేను వాదించాను, బాండ్ పేపరు పాడైతే నష్టం కదా అని. నష్టం ఎంతని అడిగారు. యాభై రూపాయలు ఉంటుందేమో. అది నీళ్ళ పేజీలోకి వెళ్ళింది. తెల్లవారుజామున నాలుగింటికి మెలకువ రావడం మాత్రం కచ్చితంగా నీళ్ళదే అనుకున్నాను. తారీఖులు చూస్తే అన్నీ నెల మొదటి వారంలోవే. వడ్డీ కట్టాల్సింది ఎనిమిదో తారీఖు. ఏడాది పాటు బుడమేరు మీద నెట్టిన నిద్రలో సగం ఆ మూడు రూపాయల వడ్డీదే.

"ఈ పేజీ నా గదిలో తగ్గేది కాదండీ" అన్నారు మేడమ్ డబ్బు పేజీ చూపించి. నాకు ఆవిడ మీద నమ్మకం కుదిరింది అప్పుడే. అప్పు మీద మన ఆలోచన మార్చుకోమనో, ఉన్నదాంతో తృప్తి పడమనో అంటే లేచి వచ్చేసేవాణ్ణి. అప్పు తీర్చాలి, అంతే. మా ఆవిణ్ణి, బావమరిదిని కూర్చోబెట్టి మొత్తం అప్పులు కాగితం మీద పెట్టమన్నారు. మా బావమరిదికి బ్యాంకు పనులు బాగా తెలుసు. మిగిలిన బంగారం కూడా బ్యాంకులో పెట్టి ఆ మూడు రూపాయల వడ్డీవాడిది వదిలించుకున్నాం. నగలు లేక మా ఆవిడ మెడ బోసిగా ఉంది, ఆ బాధ వేరు. కానీ ఎనిమిదో తారీఖుకి ముందు రాత్రుళ్ళు ఇప్పుడు కొంచెం నయం.

నీళ్ళ పేజీకి మాత్రం వైద్యం ఉంది, అది నేనే చేసుకోవాలి. దడ వస్తే ఊపిరి వదలడం తీసుకోవడం కంటే ఎక్కువసేపు ఉండేలా చూసుకోవాలి. కాళ్ళు నేలకి ఆనించి, ఈ రోజు తేదీ పైకి చదవాలి. నేను షాపులో క్యాలెండరు ముందు నిలబడి తిథి, నక్షత్రం, వర్జ్యంతో సహా చదువుతాను. కొత్త కస్టమర్లు ముహూర్తం చూస్తున్నాననుకుంటారు.

ఆ తర్వాత భయాలన్నిటికీ సున్నా నుంచి వంద దాకా మార్కులు వేసి, తక్కువ నుంచి ఎక్కువకి వరసగా పేర్చాం. ట్యాంకు పొర్లే చప్పుడు ఫోన్లో రికార్డు చేసి మిట్టమధ్యాహ్నం వినడం, ముప్ఫై. తడి కాగితం ముందు కూర్చోవడం, యాభై. దీపం లేకుండా గోడౌనులో నిలబడటం, డెబ్భై. బుడమేరు వంతెన మీదికి వాన రోజు వెళ్ళడం, తొంభై అయిదు. దేన్నైనా మొదలుపెడితే భయం సగానికి దిగేదాకా కదలకూడదు. మంచి దడలో ఉండగా లేచొస్తే, పారిపోబట్టే బతికానని ఒళ్ళు నేర్చుకుంటుందట. పాత దినపత్రికల కట్ట మీద చెంబుడు నీళ్ళు పోసి దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మా ఆవిడ టీ తెచ్చి, చూసి, ఏమీ అనకుండా టీ అక్కడ పెట్టి వెళ్ళింది. తర్వాత మా అమ్మకి ఏం చెప్పిందో తెలియదు, అమ్మ ఇంకో తాయెత్తు సంగతి ఎత్తింది.

ఒక మాట ముందే ఎవరైనా చెప్పుంటే బాగుండేది. మొదట్లో సిట్టింగ్ అయిన రోజు రాత్రి ఇంకా ఘోరంగా ఉంటుంది. కలలు పెరిగాయి. మానేద్దామనిపించింది. అడిగితే, కొందరికి మొదట్లో అలాగే ఉంటుంది, అలా ఉన్నప్పుడు చెప్పండి, నెమ్మదిగా వెళదాం అన్నారు. మానేస్తానని ఇంట్లో అన్నప్పుడు వద్దన్నది మా అమ్మాయి ఒక్కతే.

ఖర్చు సంగతి కూడా చెప్పాలి, బావమరిది ఎలాగూ అడుగుతూనే ఉన్నాడు, మాట్లాడ్డానికి వెయ్యి రూపాయలేంటి బావా అని. సిట్టింగ్‌కి వెయ్యి. హెల్త్ పాలసీ కార్డు తీసుకెళ్ళాను. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఒంటి జబ్బులకి ఇచ్చినట్టే వీటికీ బీమా ఇవ్వాలి, కానీ నాది ఆసుపత్రిలో చేరితేనే డబ్బులిచ్చే పాలసీ. కూర్చుని మాట్లాడినదానికి పైసా రాదు. కట్టలేనివాళ్ళకి ప్రభుత్వాసుపత్రి ఓపీ ఉంది, రద్దీ ఎక్కువ, అయినా ఉంది. నేను మాత్రం ఈ వెయ్యిని నోట్‌బుక్‌లో డబ్బు పేజీలోనే రాస్తున్నాను.

గోడౌను డెబ్భై నుంచి నలభైకి దిగింది. వచ్చే మంగళవారం నుంచి రెండో రోజు సంగతి మొదలుపెడదామన్నారు మేడమ్. కళ్ళు మూసుకుని, ఇప్పుడు జరుగుతున్నట్టుగా మొదటి నుంచి చివరిదాకా చెప్పాలి, మళ్ళీ చెప్పాలి, రికార్డు చేసుకుని ఇంట్లో వినాలి. గంటన్నర పడుతుందట. అక్కడి నుంచి నేరుగా షాపుకి రావొద్దని, ఎవరినైనా తోడు తెచ్చుకోమని అన్నారు. బావమరిది బండి మీద తీసుకెళతానన్నాడు, అన్ని వేలు దేనికి పోతున్నాయో చూస్తాడట. ఆ రోజు మధ్యాహ్నం నుంచి షాపు ఉండదు. మాఘమాసం పెళ్ళిళ్ళ కార్డులిచ్చినవాళ్ళు సోమవారం లోపే వచ్చి ప్రూఫులు చూసుకుని సంతకం పెట్టి వెళ్ళండి, పేర్లలో పొట్టలో చుక్కలు, ఒత్తులు సరిచూసుకోండి.